క్లిప్పుల కథ: ఫోషార్ పట్టీ నుంచి నా రిటైనర్ డబ్బా దాకా

మొన్న సంక్రాంతికి మా ఊరు రాజుపాలెం వెళ్ళాను. బ్యాగు కింద పెట్టి నాయనమ్మని చూసి నవ్వానో లేదో, నా గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. "ఏందిరా అబ్బాయ్, ఆ పన్ను మళ్ళీ తిరిగినట్టుందే?" అంది.

తిరిగింది. పై వరసలో ముందు పళ్ళ పక్కన, ఎడమ వైపుది. హాస్టల్లో ఎవరూ గమనించలేదు. నేను మాత్రం వేసవి సెలవుల్లోనే అద్దంలో చూశాను, చూసి ఊరుకున్నాను.

విషయం ఏంటంటే, పదో తరగతి అయ్యాక నాకు పళ్ళకి క్లిప్పులు వేయించారు. ఇంటర్ రెండేళ్ళూ అవి నోట్లోనే ఉన్నాయి. నెలకోసారి నాన్న పొలం పని ఆపుకుని నన్ను సత్తెనపల్లి మీదుగా గుంటూరు తీసుకెళ్ళేవాడు. మొత్తం 42 వేలు అయ్యింది. మిర్చి అమ్మినప్పుడల్లా కొంత, లేనప్పుడు అప్పు తెచ్చి కొంత, విడతలుగా కట్టాడు. ఇంటర్ పరీక్షలయ్యాక క్లిప్పులు తీసేసి, డాక్టర్ ఒక రిటైనర్ చేతిలో పెట్టి "రాత్రిపూట తప్పకుండా పెట్టుకో బాబూ" అన్నారు. ఇంజినీరింగ్‌లో చేరాక నాలుగు నెలలు పెట్టుకున్నాను. తర్వాత అది డబ్బాలో, డబ్బా ట్రంకు పెట్టెలో.

నాయనమ్మ ఇంకో ప్రశ్న కూడా అడిగింది. "రెండేళ్ళు ఇనప తీగలేసి కట్టారు గదా, మళ్ళా యాడికి పోయింది?" నా దగ్గర జవాబు లేదు. రెండేళ్ళు నోట్లో పెట్టుకుని తిరిగిన వస్తువు ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. కంపైలర్ గురించి అడిగితే అరగంట చెప్తాను, నా పన్ను గురించి అరనిమిషం కూడా చెప్పలేకపోయాను. అందుకే తిరిగొచ్చాక చదివాను. చదివింది మీకు చెప్తున్నాను, ఎందుకంటే ఈ క్యాంపస్‌లో రిటైనర్ డబ్బా ట్రంకు పెట్టెలో ఉన్నది నా ఒక్కడిదే కాదని నాకు బాగా తెలుసు.

వేలితో మొదలైంది

చిన్నప్పుడు పాలపన్ను ఊడితే పేడ ముద్దలో పెట్టి ఇంటి మీదకి విసిరేవాళ్ళం. కొత్త పన్ను వచ్చేటప్పుడు "నాలికతో తడమాకు, వంకరగా వస్తయ్యి" అని నాయనమ్మ గద్దించేది. బొటనవేలు చీకే పిల్లలకి వేలికి వేపాకు రసం రాసేవాళ్ళు. ఇదంతా మూఢనమ్మకం అనుకునేవాణ్ణి. పేడ సంగతి పక్కన పెడితే, మిగతా రెండింటి వెనక ఒక సరైన పరిశీలన ఉంది: చిన్న బలమైనా, రోజూ చాలాసేపు పడితే పన్ను జరుగుతుంది. ఏళ్ళ తరబడి వేలు చీకే పిల్లలకి ముందు పళ్ళు ఎత్తుగా వస్తాయన్నది డాక్టర్లు కూడా ఒప్పుకునే మాట.

సుమారు 2000 ఏళ్ళ క్రితం రోమ్‌లో సెల్సస్ అనే రచయిత ఇదే పరిశీలనని వైద్యంగా రాశాడు. పాలపన్ను ఊడకముందే కొత్త పన్ను వెనక నుంచి వస్తే, పాలపన్ను పీకేసి, కొత్తదాన్ని రోజూ వేలితో దాని చోటు వైపు నెట్టమన్నాడు. పళ్ళు సరిచేయడానికి రాతలో దొరికే తొలి పరికరం వేలే అన్నమాట.

మన వైపు వాగ్భటుడి అష్టాంగహృదయంలో దంతరోగాల జాబితాలో "కరాళం" అని ఒకటుంది. వికారంగా, వంకరగా వచ్చిన పళ్ళన్నమాట. కరాళ నృత్యం అనే మాట విన్నప్పుడల్లా ఇక నాకు నా పదో తరగతి ఫొటోనే గుర్తొస్తుంది.

ఇంటర్నెట్లో చాలా చోట్ల "ఈజిప్టు మమ్మీలకి కూడా క్లిప్పులు ఉండేవి" అని రాస్తుంటారు. దానికి గట్టి ఆధారం లేదు. ఇటలీలో ఎట్రుస్కన్ల సమాధుల్లో పళ్ళకి చుట్టిన బంగారు పట్టీలు దొరికిన మాట నిజమే. కానీ అవి వంకర సరిచేయడానికి కాదు, ఊడిన పన్ను చోట పెట్టిన కట్టుడు పన్నుని పట్టి ఉంచడానికి.

ఫోషార్ పట్టీ

అసలు పరికరం అనదగ్గది 1728లో కనిపిస్తుంది. ఆ ఏడాది ఫ్రాన్స్‌లో పియెర్ ఫోషార్ దంతవైద్యం మీద రెండు సంపుటాల పుస్తకం అచ్చు వేయించాడు. అందులో పళ్ళు సరిచేసే ఒక పట్టీ గురించి రాశాడు. గుర్రపు నాడా ఆకారంలో వంచిన బంగారు లేక వెండి రేకు. దానికి వరసగా బెజ్జాలు. రేకుని పళ్ళకి ఆనించి, బెజ్జాల్లోంచి దారం పోనిచ్చి వంకర పన్నుకి కట్టి బిగిస్తారు. రేకు తిన్నని వంపులో ఉంటుంది కాబట్టి, దారం లాగుతుంటే పన్ను ఆ వంపులోకి వస్తుంది. దారం వదులైనప్పుడల్లా మళ్ళీ కట్టాలి.

ఇక్కడ నేను ఆగిపోయాను. నా నోట్లో ఉన్నది కూడా ఇదే కదా! ఒక వంపు, ఆ వంపుకి పన్నుని కట్టే ఏదో ఒకటి. దాదాపు 300 ఏళ్ళలో మూల సూత్రం మారలేదు.

ఫోషార్‌కి ఓపిక లేనప్పుడు వాడే ఇంకో పద్ధతి కూడా ఉండేది. పెలికన్ అనే పన్ను పీకే పనిముట్టుతో పన్నుని ఒక్కసారిగా వంచేసి, పక్క పళ్ళకి దారంతో కట్టి మానేదాకా వదిలేయడం. మత్తుమందు లేని రోజులవి. ఈ పేరా రాస్తుంటే నా చెయ్యి దానంతటదే దవడ మీదకి పోయింది.

తర్వాత వందేళ్ళకి పైగా జరిగిందంతా ఈ పట్టీకి మరమ్మతులే. 1757లో బుర్డే అనే ఇంకో ఫ్రెంచి వైద్యుడు పట్టీని పళ్ళ వెనక వైపుకి మార్చాడు. ఇరుకుగా ఉన్న నోట్లో చోటు కోసం పక్క పళ్ళు పీకమని కూడా చెప్పాడు. 19వ శతాబ్దంలో తీగతో చేసిన పంజరాలు, మరలు వచ్చాయి. 1841లో షాంజ్ పన్ను చుట్టూ మరతో బిగించే పట్టీ చేశాడు. అదే ఏడాది లెఫూలోన్ ఈ విద్యకి పెట్టిన పేరులోంచే ఆర్థోడాంటిక్స్ అనే మాట పుట్టింది. గుడియర్ రబ్బరుని గట్టిపరిచే పద్ధతి కనుక్కున్నాక, రబ్బరు ముక్కలు కూడా నోట్లోకి వచ్చాయి. పై దవడ నుంచి కింది దవడకి రబ్బర్లు తగిలించే పద్ధతిని 1893లో హెన్రీ బేకర్ వాడాడు. క్లాసులో ఆవలిస్తే ఆ రబ్బరు తెగి ముందు బెంచీ అమ్మాయి మీద పడటం అనే అవమానం నాకు ఆయన వల్లే వచ్చింది.

ఈ పరికరాలన్నిటికీ రెండు జబ్బులున్నాయి. ఒకటి, ఎంత బలం పెట్టాలో ఎవరికీ తెలియదు. రెండు, పన్ను జరగదు, వాలుతుంది. రెండోది ముందు చెప్తాను.

మా కంచె రాయి

మా పల్నాడులో పొలానికి కంచె వేస్తే రాళ్ళు పాతి వాటికి తీగ కడతాం. మూడొంతులు పైకి, ఒక వంతు భూమిలోకి. పైన తాడు కట్టి పక్కకి లాగితే ఆ రాయి నిలువుగా పక్కకి జరగదు, వాలుతుంది. పైభాగం మన వైపు వస్తుంది, మట్టిలో అడుగు భాగం అటు వైపు తన్నుతుంది.

పన్ను కూడా అంతే, కాకపోతే దానికి పైన కనిపించే భాగం కన్నా ఎముకలో ఉన్న వేరు పొడవు. ఫోషార్ దారం పట్టుకునేది పైభాగాన్ని, అదీ ఒక్క చోట. లాగితే పన్ను వాలుతుంది. బయటికి తిన్నగా కనిపిస్తుంది, వేరు మాత్రం వంకరగా ఉండిపోతుంది. పన్నుని నిలువుగా జరపాలంటే లాగుతూనే, వాలకుండా ఎదురు మెలి కూడా పెట్టాలి. మనం ఫస్ట్ ఇయర్ మెకానిక్స్‌లో చదివిన బలం, కపుల్ ఇదే. దారంతో మెలి పెట్టలేం. ఇది తేలడానికి 20వ శతాబ్దం రావాల్సి వచ్చింది.

ఎముక కరిగి, ఎముక పెరిగి

ఇక మొదటి జబ్బు. కంచె రాయికీ పన్నుకీ పోలిక ఇక్కడితో ఆగిపోతుంది. రాయి మట్టిలో కదిలితే మట్టి నలిగి తోసుకుపోతుంది. ఎముక అలా నలగదు. మరి గట్టి ఎముకలో పన్ను ఎలా జరుగుతుంది?

పన్ను ఎముకకి నేరుగా అతుక్కుని ఉండదు. మధ్యలో సుమారు పావు మిల్లీమీటరు మందాన నారల పొర ఉంటుంది. పన్ను అందులో ఊయలలాగా వేలాడుతూ ఉంటుంది. పన్నుని ఒక వైపు నెడితే, అటు వైపు నారలు నలుగుతాయి, ఇటు వైపు సాగుతాయి. నలిగిన వైపు ఎముకని తినేసే కణాలు చేరి ఎముకని కరిగిస్తాయి. సాగిన వైపు ఎముకని కట్టే కణాలు చేరి కొత్త ఎముక వేస్తాయి. అంటే పన్ను ఎముకని చీల్చుకుని పోదు. ముందు దారి తవ్వించుకుని, వెనక గోడ కట్టించుకుంటూ పోతుంది. నెలకి సుమారు ఒక మిల్లీమీటరు.

స్వీడన్‌లో కార్ల్ సాండ్‌స్టెట్ 20వ శతాబ్దం మొదట్లో కుక్కల పళ్ళు జరిపి, ఆ ఎముకని మైక్రోస్కోపు కింద చూసి ఈ సంగతి చెప్పాడు. అంతేకాదు, బలం ఎక్కువైతే ఏమవుతుందో కూడా చూశాడు. గట్టిగా నొక్కితే నారల్లోని సన్నటి రక్తనాళాలు మూసుకుపోతాయి. రక్తం రాకపోతే కణాలు రావు. కణాలు రాకపోతే ఎముక కరగదు. పన్ను అక్కడే ఇరుక్కుపోతుంది, నొప్పి మాత్రం మిగులుతుంది. కొన్ని రోజులకి వెనక నుంచి ఎముక కరిగాక గానీ కదలదు. మరీ ఎక్కువైతే ఎముకతో పాటు పన్ను వేరు కూడా కొంత కరుగుతుంది. 1932లో ష్వార్జ్ దీన్ని అంకెల్లో పెట్టాడు: చదరపు సెంటీమీటరుకి 20 నుంచి 26 గ్రాములు మించకూడదు, ఎందుకంటే సన్నటి రక్తనాళాల్లోని ఒత్తిడి అంతే.

ఇప్పటి పాఠ్యపుస్తకాల లెక్క ప్రకారం ఒక పన్నుని వాల్చడానికి 35 నుంచి 60 గ్రాములు చాలు. అంటే ఒక కోడిగుడ్డు బరువు! నిలువుగా జరపాలంటే 70 నుంచి 120 గ్రాములు. నేనైతే క్లిప్పులు నా పళ్ళని క్రేన్‌లాగా లాగుతున్నాయనుకునేవాణ్ణి. "ఇంకాస్త గట్టిగా బిగించండి సార్, తొందరగా అయిపోద్ది" అని ఒకసారి మా డాక్టర్‌తో అన్నాను కూడా. ఆయన నవ్వి ఊరుకున్నారు. ఎందుకు నవ్వారో ఇప్పుడు అర్థమైంది.

19వ శతాబ్దంలోనే జాన్ నటింగ్ ఫారర్ అనే అమెరికన్‌కి ఈ అనుమానం వచ్చింది. మరని ఉదయం అంగుళంలో 240వ వంతు, సాయంత్రం మళ్ళీ అంతే తిప్పమన్నాడు. అంటే ఒక్కోసారి 0.1 మిల్లీమీటరు. మైక్రోస్కోపు సాక్ష్యం రాకముందే, బలానికి ఒక హద్దు ఉండాలని ఊహించి అంకె వేసిన మనిషి.

యాంగిల్ గాడి

రెండో జబ్బుకి మందు కనిపెట్టినవాడు ఎడ్వర్డ్ యాంగిల్, 1855లో అమెరికాలో పుట్టాడు. 1899లో వంకర పళ్ళని మూడు తరగతులుగా విడదీశాడు. ఇప్పటికీ డాక్టర్లు మన చీటీ మీద రాసే క్లాస్ 1, 2, 3 ఆయనవే. 1900లో ఈ ఒక్క విద్య కోసమే ఒక బడి పెట్టాడు.

ఆయన పరికరాలు వరసగా చూస్తే మన సాఫ్ట్‌వేర్ వెర్షన్లలాగా ఉంటాయి. మొదటిది ఫోషార్ పట్టీకి దగ్గరి చుట్టం: దవడ పళ్ళకి పట్టీలు, వాటి మధ్య లావుపాటి తీగ వంపు, మిగతా పళ్ళని దానికి కట్టడం. పళ్ళు వాలేవి. రెండో వెర్షన్‌లో ప్రతి పన్నుకీ పట్టీ, పట్టీకి సన్నటి గొట్టం, తీగకి అతికిన మేకు ఆ గొట్టంలో దూరాలి. వేరు కూడా కదిలింది, కానీ ప్రతిసారీ మేకులు ఊడదీసి మళ్ళీ అతికించాలి. అది చేయగల నేర్పు చాలా కొద్దిమందికే ఉండేది. మూడోదాంట్లో గొట్టం బదులు నిలువు గాడి పెట్టి చదునైన తీగ వాడాడు. నాలుగోది 1925లో వచ్చింది. గాడిని అడ్డంగా తిప్పి, దాన్ని నలుచదరపు గాడిగా చేసి, అందులో పలకల తీగ పెట్టాడు.

తేడా ఎక్కడుందో చూడండి. గుండ్రటి కడ్డీ గుండ్రటి బెజ్జంలో తిరుగుతుంది. పలకల కడ్డీ పలకల బెజ్జంలో తిరగదు. దాన్ని మెలిపెడితే బెజ్జం ఉన్న వస్తువు కూడా మెలి తిరగాల్సిందే. అంటే పైనుంచి తీగని మెలిపెట్టి, ఎముక లోపల ఉన్న వేరుని జరపొచ్చు! కంచె రాయిని వాలనీయకుండా నిలువుగా జరిపే పని ఇది.

యాంగిల్ పెట్టిన గాడి కొలత 0.022 అంగుళాలు, 0.028 అంగుళాలు. దాదాపు 100 ఏళ్ళు గడిచినా చాలామంది డాక్టర్లు వాడేది అదే కొలత. మన రంగంలో ఒక స్టాండర్డ్ ఇంతకాలం బతికితే గుడి కట్టేవాళ్ళం.

జిగురు, మా ఊరి నీళ్ళు

యాంగిల్ కాలంలో ప్రతి పన్నుకీ చుట్టూ రేకు పట్టీ వేయాల్సిందే. నవ్వితే నోరంతా లోహం. 1955లో బుయోనోకోర్ అనే ఆయన పన్ను ఎనామెల్ మీద ఫాస్ఫారిక్ ఆమ్లం కాసేపు పూస్తే అది సన్నగా గరుకు తేలి, దాని మీద రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. గోడకి సున్నం వేసే ముందు గీకినట్టు. 1960లలో న్యూమన్ ఆ దారిలో బ్రాకెట్లని నేరుగా పన్నుకి అతికించాడు. పట్టీలు పోయి చిన్న చిన్న బిళ్ళలు మిగిలాయి.

ఇక్కడ మా పల్నాడు కథ ఒకటుంది. నా బ్రాకెట్లు రెండేళ్ళలో ఏడుసార్లు ఊడాయి. చెరుకు తిన్నావా, బఠాణీలు నమిలావా అని ఇంట్లో నన్నే తిట్టారు. కొంత నిజమే. కానీ నా పళ్ళ మీద లేత గోధుమ మరకలు కూడా ఉన్నాయి. మా పల్నాడులో చాలా చోట్ల బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పన్ను తయారయ్యే వయసులో ఆ నీళ్ళు తాగితే ఎనామెల్ మారిపోతుంది. అలా మారిన ఎనామెల్ పైపొర ఆమ్లానికి తొందరగా లొంగదు, సరిగ్గా గరుకు తేలదు, కాబట్టి జిగురు పట్టు తక్కువ. అందుకే మా డాక్టర్ రెండోసారి నుంచి నా పళ్ళకి ఆమ్లం ఎక్కువసేపు ఉంచేవారు.

ఫ్లోరైడ్ వల్ల ఎముకలు కూడా దెబ్బతింటాయని మన దేశంలో మొదట వివరంగా రాసింది కూడా మన పక్కనే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు నెల్లూరు జిల్లా మనుషుల మీద రాశారు. నీళ్ళ కథ పెద్దది, ఇంకోసారి రాస్తాను. ఇప్పటికి ఒక్కటే: మరక పన్ను ఉన్నవాళ్ళ బ్రాకెట్ ఊడితే ప్రతిసారీ తప్పు వాళ్ళది కాదు.

క్షిపణి నుంచి నోట్లోకి

తీగ కథ ఇంకా బాగుంటుంది. మొదట బంగారం కలిపిన లోహాలు, 1930ల నుంచి మెల్లగా స్టెయిన్‌లెస్ స్టీలు. స్టీలు తీగతో చిక్కేంటంటే, వంకర పన్నులోకి వంచి పెట్టగానే బలం చాలా ఎక్కువగా ఉంటుంది, పన్ను కొంచెం జరగగానే బాగా తగ్గిపోతుంది. మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం: తక్కువ బలం, చాలా రోజులు, ఒకేలాగా.

అది దొరికింది అమెరికా నౌకాదళం ఆయుధ ప్రయోగశాలలో. విలియం బ్యూలర్ క్షిపణుల ముక్కుకి వేడిని తట్టుకునే లోహం వెతుకుతూ నికెల్, టైటానియం కలిపాడు. 1960ల మొదట్లో ఒక సమావేశంలో ఆ లోహపు రేకుని మడతలు మడతలుగా వంచి అందరి చేతికీ ఇచ్చారు. ఒకాయన తన పైపు వెలిగించే లైటర్‌తో దాన్ని వేడిచేశాడు. మడతలు విప్పుకుని రేకు తిన్నగా సాగింది. పాత ఆకారం గుర్తుపెట్టుకునే లోహం! నికెల్, టైటానియం, ఆ ప్రయోగశాల పేర్లలోని మొదటి అక్షరాలు కలిపి నిటినాల్ అన్నారు. 1970ల మొదట్లో ఆండ్రియాసెన్ దాన్ని పళ్ళ తీగగా వాడాడు. నాకు మొదటి నెలల్లో వేసింది ఈ జాతి తీగే. ఎంత మెలికలు పెట్టి బ్రాకెట్లలో దూర్చినా, నెలల తరబడి మెల్లగా తన వంపుకి తాను వస్తూ పళ్ళని వెంట తెచ్చుకుంది.

మన దగ్గరికి ఎప్పుడొచ్చింది

మన దేశంలో మొదటి దంతవైద్య కళాశాలని 1920లో కలకత్తాలో డాక్టర్ రఫీయుద్దీన్ అహ్మద్ మొదలుపెట్టారు. భారత ఆర్థోడాంటిక్ సంఘం 1965లో ఏర్పడింది. తెలుగు నేల మీద హైదరాబాద్ ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1959లో వచ్చింది. మా నాయనమ్మ అప్పటికి చిన్నపిల్ల. ఆమెకీ ఎత్తుపళ్ళే. "మాకు ఎవురు చేపిస్తారురా, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని" అంది. ఇప్పటికీ నవ్వు రాగానే చెయ్యి నోటి దగ్గరికే పోతుంది. నా పన్ను ఆమెకే ముందు ఎందుకు కనిపించిందో ఆ మాట విన్నాక అర్థమైంది.

మళ్ళా యాడికి పోయింది?

ఇప్పుడు నాయనమ్మ ప్రశ్నకి జవాబు. క్లిప్పులు తీసేసరికి పన్ను కొత్త చోట ఉంటుంది. చుట్టూ ఎముక కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. కానీ చిగురులో, ఎముక అంచుకి పైన కొన్ని నారలు ఉంటాయి, అవి పన్నుని చిగురుకీ పక్క పళ్ళకీ కట్టి ఉంచుతాయి. ఇవి చాలా మెల్లగా మారతాయి. 1959లో రైటాన్ అనే నార్వే శాస్త్రవేత్త కుక్కల్లో పన్నుని చుట్టూ తిప్పి, కదలకుండా పట్టి ఉంచి చూశాడు. 232 రోజులైనా ఆ నారలు ఇంకా సాగదీసినట్టే ఉన్నాయి. మెలిపెట్టిన తాడులాగా, వదిలితే వెనక్కి తిప్పడానికి సిద్ధంగా. నాది తిరిగి ఉన్న పన్నే. నేను పట్టి ఉంచింది నాలుగు నెలలు, అంటే 120 రోజులు.

అది చదివాక ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు కూర్చున్నాను.

ఇంతకీ ఈ తప్పు చేసి బాగుపడినవాడు ఒకడున్నాడు. స్టాన్‌ఫర్డ్‌లో చదివిన జియా చిష్తీ పెద్దయ్యాక క్లిప్పులు వేయించుకుని, తర్వాత రిటైనర్ సరిగ్గా పెట్టుకోలేదు. పళ్ళు వెనక్కి జరిగాయి. మళ్ళీ పెట్టుకుంటే అవి తిరిగి దారికి వచ్చాయి. పట్టి ఉంచే వస్తువు జరపగలదు కూడా అయితే, ఒక్కోటి కొంచెం తేడాతో వరసగా చేస్తే సరిపోతుంది కదా అనుకున్నాడు. మైనంలో పళ్ళు సర్ది, దాని మీద రబ్బరు అచ్చు తీసే పద్ధతి 1945లోనే కెస్లింగ్ చెప్పాడు, కానీ ప్రతి అడుగుకీ చేత్తో కొత్త అచ్చు చేయడం ఎవరి తరం? చిష్తీ, కెల్సీ వర్త్ కలిసి 1997లో పెట్టిన కంపెనీ ఆ పని కంప్యూటర్‌కి అప్పగించింది. పళ్ళ త్రీడీ నమూనా తీసుకుని, ఇప్పటి స్థితి నుంచి కావాల్సిన స్థితికి మధ్య అడుగులు లెక్కకట్టి, ఒక్కో అడుగుకీ ఒక పారదర్శక తొడుగు చేయడం. ఇన్విజలైన్ అదే. మన సబ్జెక్టు ఈ కథలోకి వచ్చింది ఒక నిర్లక్ష్యపు కుర్రాడి వల్ల అని నాకు కొంచెం ఊరట. ఆయన కంపెనీ పెట్టాడు, నేను వ్యాసం రాస్తున్నాను.

నాన్నకి చెప్పడం

సంక్రాంతి మర్నాడు, కనుమ రోజు సాయంత్రం, కళ్ళంలో మిర్చి మీద పట్టా కప్పుతున్నప్పుడు నాన్నకి చెప్పాను. ఆయన పట్టా అంచు మీద రాయి పెట్టి, "ఆ డబ్బాలోది రోజూ పెట్టుకుంటే ఇట్టా అయ్యేది కాదా?" అన్నాడు. కాదన్నాను. ఇంకేమీ అనలేదు. తిడితే బాగుండేది.

పాత రిటైనర్ ఇప్పుడు పట్టడం లేదు. బలవంతంగా నొక్కబోతే నొప్పి పుట్టి ఆపేశాను. డాక్టర్‌కి చూపిస్తే, కొంచెమే తిరిగింది కాబట్టి ముందు ఆరు పళ్ళకి కొన్ని నెలలు తీగ వేస్తే చాలన్నారు. తర్వాత పళ్ళ వెనక సన్నటి తీగ శాశ్వతంగా అతికిస్తారట. నా నెల ఖర్చులో మిగిల్చి, ఒక జూనియర్ ప్రాజెక్టుకి సాయం చేసి వచ్చిన డబ్బుతో సగం నేనే కడుతున్నాను. మిగతా సగం నాన్న ఇస్తానన్నాడు. ఈ ఏడాది మిర్చి రేటు బాలేదు, వద్దన్నా వినలేదు.

మా చెల్లికి 12 ఏళ్ళు. దానికీ పై పళ్ళు ఎత్తే. నాకే నిలవలేదు కాబట్టి దానికి క్లిప్పులు అనవసరమని ఇంట్లో మాట మొదలైంది. ఈ వ్యాసంలో రాసిందంతా మొన్న ఫోన్‌లో నాన్నకి చెప్పాను: నిలవకపోవడం క్లిప్పుల తప్పు కాదు, నాది. అది ఎదిగే వయసు, దవడ ఇంకా పెరుగుతోంది, ఇప్పుడు చూపించడమే మంచిది. వేసవిలో చూపిద్దామన్నాడు.

నోట్లో క్లిప్పులు ఉన్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ రెండు మాటలు. గట్టిగా బిగించమని డాక్టర్‌ని తొందరపెట్టకండి, ఎముకకి దాని వేగం ఉంది. తీసేశాక రిటైనర్ డబ్బా ట్రంకు పెట్టెలో కాదు, దిండు పక్కన పెట్టుకోండి. ఎన్నాళ్ళు పెట్టుకోవాలో మీ డాక్టర్ చెప్పినన్నాళ్ళు, మీకు అనిపించినన్నాళ్ళు కాదు.

నాయనమ్మకి కూడా ఫోన్‌లో నారల సంగతి చెప్పాను. అంతా విని, "అయితే కట్టిన తాడు తొందరపడి ఇప్పావన్న మాట" అంది. అవును నాయనమ్మా, అంతే.